గుటకాయ స్వాహా: ప్యాక్‌మాన్‌ని ముక్కల్లోకి దించడం

ప్యాక్‌మాన్ ఆట చూడనివాళ్ళు మనలో తక్కువే. పసుపుపచ్చటి గుండ్రటి మూతి ఒకటి సందుల్లో తిరుగుతూ చుక్కలు మింగుతుంటుంది, నాలుగు దయ్యాలు దాని వెంటపడతాయి. 1980లో జపాన్‌లో నామ్‌కో కంపెనీ దీన్ని తెచ్చింది. తయారుచేసిన తోరు ఇవతానికి అప్పుడు పాతికేళ్ళు. ఆనాటి వీడియో గేముల్లో ఎక్కువ భాగం కాల్పులూ యుద్ధాలే. ఆడపిల్లలు కూడా వచ్చి ఆడాలని ఆయన యుద్ధం తీసేసి తిండి పెట్టాడు. ఆడవాళ్ళనగానే తిండే గుర్తొచ్చిందా మహానుభావుడికి అని మా రూమ్‌లో ఒకటే నవ్వు. ఏదైతేనేం, ఆట మాత్రం అందరిదీ అయింది.

జపనీస్‌లో నోరు తెరుస్తూ మూస్తూ తినే చప్పుడు ‘పాకు పాకు’. మన కరకర, గబగబల్లాంటి ధ్వన్యనుకరణ పదం. ఆటకి పేరు అందులోంచే వచ్చింది. ఆ పేరూ బొమ్మా కంపెనీవి కాబట్టి మనం వాడుకోకూడదు. అందుకే మా ఆటకి ‘గుటకాయ స్వాహా’ అని పెట్టుకున్నాం. ఇంతకన్నా మంచి తెలుగు మాట దొరుకుతుందా, మీరే చెప్పండి.

ఇంతకీ ఈ పని ఎందుకంటారా? హెచ్‌ఎస్‌ఆర్ లేఅవుట్‌లో మా పీజీలో రాత్రి తొమ్మిదైతే ఆరుగురం ఆరు ఫోన్లలోకి వెళ్ళిపోతాం. ఒక్క చోట కూర్చోబెట్టే ఆట ఒకటి కావాలి. పేకముక్కలంటే ఇళ్ళల్లో మొహాలు మాడ్చుకుంటారు. అందుకని ఒకే పెళ్ళివి మిగిలిపోయిన 18 శుభలేఖలు తెచ్చి, ఒక్కోటి రెండుగా కోశాం. 36 ముక్కలు. అచ్చు ఉన్న వైపు బొట్టుబిళ్లలు అంటించాం: ఎరుపు, గులాబీ, నీలం, నారింజ, రంగుకి ఎనిమిది చొప్పున 32. మిగతా నాలుగింటి మీద లడ్డూ బొమ్మ. (అసలు ఆటలో 240 చిన్న చుక్కలు, 4 పెద్దవి. మంచం మీద అన్ని పట్టవు.)

ఆరు వరసలు, వరసకి ఆరు. నాలుగు మూలలా లడ్డూలు కనబడేలా, మిగతావి బోర్లా. అడ్డవరసలు మెయిన్‌లు, నిలువువరసలు క్రాస్‌లు. మన లేఅవుట్‌లో అడ్రస్ చెప్పినట్టే “మూడో మెయిన్, నాలుగో క్రాస్” అంటే చాలు, గడి తెలిసిపోతుంది. నడిమధ్య నాలుగు గళ్ళ మీద నాలుగు రంగుల గుండీలు, అవే దయ్యాలు. ఆడేవాళ్ళకి ఒక చింతపిక్క. అది ఆరో మెయిన్ వైపు నుంచి లోపలికి వస్తుంది.

అసలు చిక్కంతా ఒక్క చోటే ఉంది. వీడియో గేమ్‌లో మనం ఆలోచిస్తున్నా దయ్యం ఆగదు. ముక్కలకి ఆ తొందర ఎక్కడిది? అందుకే తిండినే ప్రమాదంగా మార్చాం. ఒక అడుగు వేసి ముక్క తిప్పితే అది మీదే, ఒక పాయింటు. కానీ దాని మీద ఏ రంగు ఉంటే ఆ దయ్యం రెండడుగులు కదులుతుంది. తినేసిన ఖాళీ గడిలో కాలు పెడితే నాలుగూ ఒక్కో అడుగు వేస్తాయి. ఈ రెండోది లేకపోతే ఖాళీ గళ్ళలో తిరుగుతూ కాలక్షేపం చేయొచ్చు, ఆట చచ్చిపోతుంది.

దయ్యాలని ఎవరు నడపాలన్నది పెద్ద చర్చ. తలా ఒకటి తీసుకుంటే బాగుంటుందనిపిస్తుంది గానీ, నలుగురు మనుషులు కూడబలుక్కుంటే చింతపిక్క నాలుగు అడుగుల్లో దొరికిపోతుంది. పులి-మేకలో మేకలన్నీ కలిసి పులిని కట్టేసినట్టే. ఇవతాని దయ్యాలని గెలవగలగడానికి కారణం వాటికి స్వభావం ఉండడం. కథలో పాత్రల్లాగా. ఎర్రది నేరుగా వెంటపడుతుంది. గులాబీది మనం ఉన్నచోటికి కాదు, వెళ్ళబోయే చోటికి పోతుంది. నీలానిది ఎర్రది ఎటుంటే దానికి ఎదురువైపు నుంచి వచ్చే దారి. నారింజది దూరం నుంచి దర్జాగా వస్తుంది, దగ్గరయ్యేసరికి తన మూలకి పారిపోతుంది. మా ఆటలో రెండు గళ్ళ దూరానికి వస్తే వెనక్కి. ఈ లక్షణాలన్నీ అసలు ఆటవే, మేం కొంచెం తేలిక చేశామంతే. గుండీలు జరిపే పని చూస్తున్నవాళ్ళది, సొంత తెలివి వాడకూడదు.

లడ్డూ తింటే తర్వాతి నాలుగడుగులూ దయ్యాలు పారిపోతాయి. అప్పుడు పట్టుకుంటే మొదటి దానికి 2, తర్వాత 4, 8, 16 పాయింట్లు. అసలు దాంట్లో 200, 400, 800, 1600. పట్టుబడ్డ దయ్యం మళ్ళీ నడిమధ్యకి పోతుంది. మామూలప్పుడు అదే మిమ్మల్ని తాకితే మీ వంతు అయిపోయింది, ముక్కలు మళ్ళీ కలిపి తర్వాతివాళ్ళకి.

అదృష్టం ఆటే కదా అనుకోకండి. ఎరుపు ఎనిమిదీ బయటపడ్డాయని లెక్కపెట్టుకున్నమ్మాయికి తెలుసు, ఖాళీ గడి తొక్కనంతవరకూ ఎర్రది కదలదని. మా రూమ్‌లో వరసగా గెలిచేది ఆ లెక్కపెట్టే మనిషే. ఆ మనిషి నేను కాదు.

సొరంగం సంగతి ఇంకా తేలలేదు. అసలు ఆటలో ఎడమవైపు బయటికెళ్తే కుడివైపు తేలతాం, దయ్యాలు ఆ దారిలో నెమ్మదిస్తాయి. మూడో మెయిన్‌లో ఒకటో క్రాస్ నుంచి ఆరో క్రాస్‌కి దూకనివ్వాలా వద్దా అన్నదాని మీద మాలో ముగ్గురు అటు, ముగ్గురు ఇటు. రెండు రకాలుగానూ ఆడి చూసి చెప్పండి. ముక్కలూ గుండీలూ ఈ గోడపత్రిక కింద కవర్లో ఉన్నాయి. ఆడాక 36 లెక్కపెట్టి పెట్టండి, బొట్టుబిళ్లలు మాత్రం పీకకండి.