వేలిముద్ర పడ్డాక

దేవరకొండ నుంచి హైదరాబాద్ బస్సెక్కితే మల్లేపల్లి, చింతపల్లి, మాల్, యాచారం, ఇబ్రహీంపట్నం దాటి నగరంలో దిగుతాం. పాతికేళ్ల కిందట ఈ ప్రాంతపు లంబాడీ తండాల్లో పుట్టిన ఆడశిశువులు ఒక్కొక్కరే నగరంలోని దత్తత సంస్థలకు చేరారు. అక్కడి నుంచి కొందరు సముద్రాలు దాటారు. బిడ్డ కనిపించడం లేదని ఠాణా మెట్లెక్కినవాళ్లు లేరు.

పిల్లల అపహరణ అనగానే మన కళ్ల ముందు మెదిలేది బడి దగ్గర చాక్లెట్ ఇచ్చి ఎత్తుకుపోయే అపరిచితుడు. పోలీసు రికార్డుల్లో అలాంటివాడు అరుదు. జాతీయ నేర రికార్డుల బ్యూరో ఏటా ప్రకటించే లెక్కల్లో అపహరణ బాధితుల్లో పెద్ద వాటా టీనేజీ ఆడపిల్లలది. ఎవరితోనో వెళ్లిపోయిందని తండ్రి ఫిర్యాదు చేస్తే పిల్ల మైనర్ కాబట్టి అది కిడ్నాప్ కేసవుతుంది. వారం రోజుల పసిగుడ్డు ఫిర్యాదు లేకుండా మాయమైతే మాత్రం ఏ గడిలోనూ అంకె పడదు.

కారణం చట్టంలోనే ఉంది. పాత శిక్షాస్మృతి 361వ సెక్షన్ ప్రకారం సంరక్షకుల సమ్మతి లేకుండా పిల్లల్ని తీసుకెళ్తేనే అది అపహరణ. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 137వ సెక్షన్‌లోనూ ఆ మాటే ఉంది. తల్లి వేలిముద్ర పడిన కాగితం ఒకటి చేతిలో ఉంటే బిడ్డను తీసుకెళ్లినవాడు కిడ్నాపర్ కాడు. ఆ కాగితం మీద ఏం రాసుందో తల్లికి చదివి వినిపించారా లేదా అని అడిగే గడి ఆ నేర రికార్డుల్లో లేదు. నన్ను కుదురుగా ఉండనివ్వని సంగతి ఇదే.

ఆ వేలిముద్ర ఎందుకు పడిందో తెలియాలంటే తండాకే వెళ్లాలి. ఒకప్పుడు లంబాడీల్లో పెళ్లికొడుకు వైపువాళ్లే ఓలి ఇచ్చి పిల్లను తీసుకెళ్లేవారు. చుట్టుపక్కల ఊళ్లను చూసి అది తిరగబడి కట్నమైంది. చందంపేట, డిండి వైపు మెట్టచేలల్లో వాన కురిస్తేనే పంట. కురవకపోతే పట్నం వలస. కొడుకు కోసం ఎదురుచూసే ఇంట్లో మూడో కాన్పులోనూ ఆడపిల్లే పుడితే ఆ తల్లి మంచం పక్కకు మధ్యవర్తి వచ్చి కూర్చునేవాడు. చేతిలో పెట్టే డబ్బు కొన్ని వందలు, మహా అయితే కొన్ని వేలు. అదే బిడ్డను విదేశీ దంపతులకు అప్పగించేటప్పుడు లెక్క డాలర్లలోకి మారేది. ఆ తల్లిని బిడ్డనమ్ముకున్న మనిషి అనడానికి నాకు నోరు రాదు.

1999లో ఒకసారి, 2001లో మరోసారి ఈ బాగోతం బయటపడింది. హైదరాబాద్‌లో అరెస్టులు జరిగాయి, దత్తత కేంద్రాల్లోని శిశువుల్ని ప్రభుత్వం తన సంరక్షణలోకి తీసుకుంది. పేదరికం పేరుతో పిల్లల్ని వదులుకునే పద్ధతికి రాష్ట్రం అడ్డుకట్ట వేసింది. అయితే పసిబిడ్డను దత్తత కోసం అమ్మితే అదే నేరమని సూటిగా చెప్పే సెక్షన్ అప్పటి శిక్షాస్మృతిలో లేదు. ఒక సెక్షన్ బానిసగా అమ్మడం గురించి చెప్పేది, మరొకటి వ్యభిచారానికి అమ్మడం గురించి. అమ్మకం అన్న మాటను నేరుగా పట్టుకున్నది 2015 నాటి బాలల న్యాయ చట్టం. దాని 81వ సెక్షన్ కింద పిల్లల్ని అమ్మినా కొన్నా ఐదేళ్ల దాకా కఠిన కారాగారం, లక్ష జరిమానా. అమ్మిన తల్లి, కొన్న దంపతులు ఇద్దరూ అందులో ముద్దాయిలే. ఇక ఫిర్యాదు చేసేదెవరు?

అమెరికాలోని అలబామాలో న్యాయశాస్త్రం బోధించే డేవిడ్ స్మోలిన్ దంపతులు 1998లో అప్పటి ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ నుంచి ఇద్దరు అక్కాచెల్లెళ్లను దత్తత తీసుకున్నారు. వీళ్లు చంటిపిల్లలు కారు, జరిగింది చెప్పగల వయసువాళ్లు. తమను కన్నతల్లి వదులుకోలేదన్న నిజం వాళ్ల నోటనే బయటికొచ్చింది. ఆ కుటుంబాన్ని వెతికి పట్టుకోవడానికి ఏళ్లు పట్టింది. నల్లడబ్బును తెల్లగా మార్చినట్టు దొంగ కాగితాలతో పిల్లల్ని ‘అనాథలు’గా మార్చే తీరు మీద ఆయన తర్వాత వరసగా పరిశోధనా వ్యాసాలు రాశారు. మాట్లాడే వయసు ఉంది కాబట్టి ఆ ఇద్దరూ చెప్పుకోగలిగారు. ఉయ్యాలలోంచి వెళ్లిన బిడ్డ ఏం చెబుతుంది?

పిల్లలు తప్పిపోయారన్న ప్రతి ఫిర్యాదునూ ఎఫ్ఐఆర్‌గా నమోదు చేయాలని, అపహరణో అక్రమ రవాణానో జరిగిందని భావించే దర్యాప్తు మొదలుపెట్టాలని 2013లో బచ్‌పన్ బచావో ఆందోళన్ కేసులో సుప్రీంకోర్టు ఆదేశించింది. తెలంగాణ పోలీసులు ఏటా జనవరిలో ఆపరేషన్ స్మైల్, జులైలో ఆపరేషన్ ముస్కాన్ పేరుతో వీధుల్లో, బట్టీల్లో, స్టేషన్లలో పిల్లల్ని వెతుకుతారు. మంచి పని. కానీ తండా నుంచి పోయిన పసిబిడ్డ ఆ చోట్ల దొరకదు. ఎవరింట్లోనో, ఎవరి పేరుతోనో, బర్త్ సర్టిఫికెట్‌తో సహా పెరుగుతుంటుంది.

పెంచలేని తల్లికి చట్టం ఒక దారి చూపింది. బాలల సంక్షేమ సమితి ముందు బిడ్డను అప్పగిస్తే, మనసు మార్చుకుని వెనక్కి తెచ్చుకోవడానికి రెండు నెలల గడువు ఇవ్వాలి. అలా వచ్చిన పసిబిడ్డల కోసం నల్గొండలో శిశుగృహ ఉంది. మధ్యవర్తి ఆ గడువు ఇవ్వడు. తండాలో ఈ దారి గురించి తల్లికి చెప్పవలసింది ఆశా కార్యకర్త, అంగన్‌వాడీ టీచర్. ఆడశిశువుల అమ్మకాల మీద దేవరకొండ, చందంపేట మండలాల్లో ఏళ్ల తరబడి పనిచేసిన రుక్మిణీరావు ‘గ్రామ్య’ సంస్థ లాంటివాళ్లు నిలబడిందీ తండాల్లోనే.

అపహరణల రికార్డు ఠాణాలో ఉంటుందని అనుకుంటాం. దేవరకొండ విషయంలో అది అంగన్‌వాడీ రిజిస్టర్లో ఉంది. గర్భిణి పేరు, నెలలు, వేసిన టీకాలు, కాన్పు తేదీ అన్నీ ఒకే వరసలో రాసుంటాయి. ఆ వరసలో బిడ్డ బరువు రాయాల్సిన చోట ఖాళీ కనబడితే, ఫిర్యాదు కోసం ఆగకుండా పోలీసులు అదే రోజు ఆ తండాకు వెళ్లాలి.