గుణదల కొండ దగ్గర రెండు దారులు

ఫిబ్రవరి 11 పండుగ దగ్గర పడుతుంటే విజయవాడలో కతోలికుల క్షేత్రమైన గుణదల కొండ జనంతో నిండిపోతుంది. తలనీలాలిచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, కొవ్వొత్తులు పట్టుకుని మెట్లెక్కేవాళ్లు. వీరిలో హిందువులూ ఉంటారు. అందరి మొక్కులూ యేసు తల్లి మరియమాతకే.

అదే గుంటూరులోని ప్రొటెస్టెంట్ల లూథరన్ గుడిలోకి వెళితే ఆమె విగ్రహమే కనిపించదు. క్రిస్మస్ ప్రసంగంలో మరియ గుర్తుకొస్తుంది, అంతటితో సరి. దేవుడికీ మనుషులకూ మధ్యవర్తి క్రీస్తు ఒక్కడేనని, చనిపోయినవారిని ప్రార్థించమని బైబిల్ ఎక్కడా చెప్పలేదని ప్రొటెస్టెంట్ల వాదన. ఆరాధన దేవుడికే, తల్లిని మాకోసం ప్రార్థించమని అడుగుతున్నామంతే అంటారు కతోలికులు. గుణదల జనసందోహంలో ఈ గీత ఎంతమందికి గుర్తుంటుందన్నది వేరే సంగతి!

క్రీ.శ. 431లో ఎఫెసు మహాసభ మరియను దేవమాతగా ప్రకటించింది. దానితో ప్రొటెస్టెంట్ ఉద్యమాన్ని మొదలుపెట్టిన లూథర్‌కు పేచీ లేదు. 1521లో ఆమె స్తుతిగీతానికి ఆయన వ్యాఖ్యానమూ రాశాడు. దూరం ఎక్కువగా పెరిగింది తరవాతే. ఆమె జన్మపాపం లేకుండా తల్లి గర్భంలో ఉద్భవించిందని 1854లో, శరీరంతోనే పరలోకం చేరిందని 1950లో పోప్‌లు విశ్వాససత్యాలుగా ప్రకటించారు. ఇవి లేఖనాల్లో లేవని ప్రొటెస్టెంట్లు తోసిపుచ్చారు.

కతోలికులందరిదీ ఒకే మాటనుకుంటే పొరపాటు. మరియ గురించి విడిగా పత్రం రాయాలా, సంఘం గురించిన పత్రంలోనే చేర్చాలా అని 1963లో రెండో వాటికన్ మహాసభలో బిషప్పులు ఓటేశారు. చేర్చాలన్నవారు 1,114 మంది, వద్దన్నవారు 1,074. నలభై ఓట్లే తేడా.