మల్బరీ పాలు, మన పట్టుపురుగు

మల్బరీ ఆకు తుంచితే తెల్లటి పాలు కారతాయి కదా? పురుగుల నుంచి చెట్టును కాపాడేది ఆ పాలే. వాటిలో చక్కెరను పోలిన పదార్థాలు ఉంటాయి. అవి కడుపులో పడితే వేరే పురుగులకు చక్కెర అరగదు. ఆముదం ఆకు తినే ఎరి పురుగుకి మల్బరీ వేస్తే చచ్చిపోతుంది, పాలు తీసేసిన ఆకు వేస్తే బతుకుతుంది. జపాన్ శాస్త్రవేత్తలు 2006లో ఈ సంగతి బయటపెట్టారు. మన పురుగు మాత్రం తరతరాలుగా ఆ విషాన్ని తట్టుకునేలా మారింది.

కానీ మనం కొట్టే మందును తట్టుకోలేదు. పోయినేడు పక్క టమాటా తోటలో కొట్టిన మందు గాలికి మా ఆకు మీద పడింది. నాలుగో జ్వరం లేచిన పురుగులన్నీ కక్కుకుని పోయాయి. అందుకే పక్క రైతుతో ముందే మాట్లాడుకోండి. అనుమానం ఉంటే ఆ ఆకు పది పురుగులకు వేసి, ఒక రోజు చూసి, తర్వాతే బ్యాచ్‌కి వెయ్యండి.