ముక్కలు కాని 214 కోట్లు

*రెండున్నర శతాబ్దాల కిందట ఆయిలర్ తేల్చిన ప్రధాన సంఖ్య 2147483647. కంప్యూటర్లకు ఇప్పుడు అదే ఒక హద్దు.*

214 కోట్ల 74 లక్షల 83 వేల 647. ముప్పై ఒక్క రెండ్లను గుణించి ఒకటి తీసేస్తే వచ్చే సంఖ్య ఇది. ఒకటీ, తానూ తప్ప దీన్ని శేషం లేకుండా భాగించే సంఖ్య లేదు. ఆ మాట రుజువు చేసింది లియొనార్డ్ ఆయిలర్. 1772లో బెర్నూలీకి లేఖ రాసి చెప్పాడు. అప్పటికి సెయింట్ పీటర్స్‌బర్గ్‌లో ఉంటున్న ఆయనకు చూపు దాదాపు పోయింది.

372 చాలు

మామూలు దారిలో అయితే దీని వర్గమూలం వరకు, అంటే 46,340 దాకా ఉన్న ప్రధాన సంఖ్యలన్నిటితో భాగించి చూడాలి. అవి నాలుగు వేల పైమాటే. ఆయిలర్ ముందు వడపోత పెట్టాడు. దీనికి ప్రధాన కారణాంకం ఉంటే, దాన్ని 248తో భాగించినప్పుడు 1 గానీ 63 గానీ మిగలాలి. దాంతో మహా అయితే 372 భాగహారాలు చాలు. ఒక్కటీ తెగలేదు.

ఈ ఫలితం వెంట ఒక పరిపూర్ణ సంఖ్య కూడా దొరికింది: 2305843008139952128. తనను వదిలేసి మిగతా కారణాంకాలన్నీ కూడితే మళ్లీ తానే వస్తుంది, 1+2+3=6 అయినట్టు. ఇంతకన్నా పెద్దదాన్ని ఎవరూ కనుక్కోరనీ, ఇవి వింతలే తప్ప ఉపయోగపడేవి కావనీ 1811లో పీటర్ బార్లో రాశాడు. మొదటి మాటను 1876లో ఎడ్వర్డ్ ల్యూకా తోసిపుచ్చాడు. రెండోదాని పని కంప్యూటర్లు పట్టాయి.

నిండిన గడులు

32 బిట్లలో ధనమా రుణమా అని చెప్పడానికి ఒకటి పోతే మిగిలేవి 31. అన్నిట్లో ఒకట్లు నింపితే వచ్చేది మన సంఖ్యే. 2014లో 'గంగ్నమ్ స్టైల్' వీక్షణలు దీన్ని దాటబోతే యూట్యూబ్ తన కౌంటర్‌ను 64 బిట్లకు మార్చుకుంది. 1970 నుంచి సెకన్లు లెక్కపెట్టే పాత 32 బిట్ల గడియారాలు 2038 జనవరి 19న, మన సమయం ఉదయం 8 గంటల 44 నిమిషాల 7 సెకన్లకు ఈ హద్దును తాకుతాయి. సరిచేయకపోతే మరుసటి సెకనులో 1901కి వెళ్లిపోతాయి.

హద్దు కావడానికి ప్రధాన సంఖ్యే కానక్కర్లేదు. కానీ ఆ రెండు గుణాలూ కలిసి పనికొచ్చిన చోటు ఒకటుంది. 1988లో పార్క్, మిల్లర్ సిఫారసు చేసిన యాదృచ్ఛిక సంఖ్యల పద్ధతిలో, ఉన్న సంఖ్యను 16807తో గుణించి మన సంఖ్యతో భాగిస్తే మిగిలేదే తర్వాతి సంఖ్య. భాజకం ప్రధానం కాబట్టే, సరైన గుణకం దొరికితే, 2147483646 సంఖ్యలూ వచ్చాకే మొదటిది మళ్లీ కనిపిస్తుంది. ప్రతి శేషమూ 32 బిట్లలో ఇమిడిపోతుంది.

64 బిట్ల కొత్త హద్దుకు చేరడానికి సెకన్ల లెక్కన 29 వేల కోట్ల ఏళ్లకు పైగా పడుతుంది. అయితే దాన్ని ముక్కలు చేయడానికి ఆయిలర్ అక్కర్లేదు. ఏడుతో భాగిస్తే తెగుతుంది, వచ్చినదాన్ని మళ్లీ ఏడుతో భాగించినా తెగుతుంది.