తారురోడ్డు - దాని పరీక్షలు

హైదరాబాదు నగరమునకు ఆగ్నేయదిశను, రంగారెడ్డి జిల్లాలో, అల్మాస్‌గూడ యను ప్రాంతము కలదు. ఒకప్పుడు పల్లెయైన ఈ చోటు నేడు కాలనీలతో నిండియున్నది. బడికి పోవు పిల్లలకును, దిల్‌సుఖ్‌నగర్, ఎల్.బి.నగర్‌ల వైపు పనులకు పోవు పెద్దలకును, రోగిని కొనిపోవు అంబులెన్సుకును రోడ్డే ఆధారము. వానకాలమున నీరు నిండిన గోయి కంటికి కానరాదు. ద్విచక్రవాహనము నడుపువాని ప్రాణమునకే దానివలన ముప్పు వాటిల్లును. ఒకే ఏట వేసిన రెండు రోడ్లలో ఒకటి ఏండ్లకొలది నిలిచియుండ, మఱియొకటి తొలివానకే చెదరిపోవుటకు కారణమేమి?

తారురోడ్డని మనము పిలుచుచున్నను, నేటి రోడ్లలో సాధారణముగా తారు ఉండదు. తారు బొగ్గునుండి లభించునది. ఇప్పుడు వాడునది ముడిచమురును శుద్ధిచేయగా అడుగున మిగులు బిటుమెన్ అను నల్లని జిగురు పదార్థము. 1957లో నెలకొల్పబడిన విశాఖపట్టణపు చమురుశుద్ధి కర్మాగారమునందును ఇది తయారగుచున్నది. నూరుపాళ్ల మిశ్రమములో బిటుమెన్ సుమారు 5 లేక 6 పాళ్లు మాత్రమే. తక్కినదంతయు కంకర, రాతిపొడి.

నువ్వులుండలు కట్టుట మీరు చూచియే యుందురు. పాకము చాలనిచో ఉండ విడిపోవును. ఎక్కువైనచో మెత్తబడును. ముదిరినచో పెళుసగును. చల్లారిన పిదప ఉండ కట్టుటయే అసాధ్యము. రోడ్డు సంగతియు ఇట్టిదే. బిటుమెన్ తక్కువైన రోడ్డునుండి కంకర లేచిపోవును. ఎక్కువైన రోడ్డు వేసవి యెండకు మెత్తబడి, చక్రముల క్రింద గాళ్లు పడును. మితిమీరి కాచినచో బిటుమెన్ జిగి కోల్పోయి, రోడ్డు పగుళ్లు వారును. కావున సాధారణముగా వాడు వి.జి.-30 రకపు బిటుమెన్‌తో మిశ్రమమును 150 మొదలు 165 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో కలుపుదురు. పఱచునప్పుడు 140 డిగ్రీలకు తగ్గరాదు. 90 డిగ్రీలకు చల్లారకమునుపే రోలరుతో త్రొక్కించుట ముగింపవలెను.

మిశ్రమపు బలమును తెలిసికొనుటకు అమెరికాలోని మిసిసిపీ రాష్ట్ర రహదారుల శాఖకు చెందిన బ్రూస్ మార్షల్ 1939 ప్రాంతమున ఒక పరీక్షను కనిపెట్టెను. నేడు మన దేశమునను అది వాడుకలో నున్నది. సుమారు 1200 గ్రాముల వేడిమిశ్రమమును గుండ్రని అచ్చులో పోసి, సుత్తితో ఒక్కొక్క వైపున 75 దెబ్బలు కొట్టుదురు. ఆ బిళ్లను 60 డిగ్రీల నీటిలో అరగంట యుంచి, పిదప యంత్రమున నొక్కుదురు. 60 డిగ్రీలే యేల? మండువేసవిలో రోడ్డు ఇంచుమించు అంత వేడెక్కును గనుక. ఎక్కువ రాకపోకలు గల రోడ్డు పైపొరకైనచో, ఆ బిళ్ల కనీసము 9 కిలోన్యూటన్ల, అనగా సుమారు 900 కిలోగ్రాముల ఒత్తిడికి ఓర్వవలెను. అది 2 మొదలు 4 మిల్లీమీటర్లు మాత్రమే అణగవలెను.

బిళ్లలో గాలిసందులు నూటికి 3 మొదలు 5 పాళ్లు ఉండవలెను. సందులు మఱీ తక్కువైనచో, ఎండకు వ్యాకోచించు బిటుమెన్‌కు చోటులేక అది పైకి ఉబికివచ్చును. ఎక్కువైనచో నీరు లోనికి దిగును.

హైదరాబాదు ప్రాంతమున నీటినిగూర్చి విశేషముగా జాగ్రత్తపడవలెను. ఇచ్చటి నేల గ్రానైటు రాతిమయము. గ్రానైటు మిక్కిలి గట్టిదే గాని, బిటుమెన్‌కంటె నీటినే చేరదీయు స్వభావము కలది. నీరు చొచ్చినచో రాతినుండి బిటుమెన్ ఊడిపోవును. అందుచే బిటుమెన్ పూసిన కంకరను 40 డిగ్రీల నీటిలో ఒక దినముంచి పరీక్షింతురు. నూటికి 95 పాళ్లైనను పూత చెదరక నిలువవలెను. నిలువనిచో తడిపిన సున్నపుపొడిని గాని, తగిన మందును గాని చేర్చుదురు.

ప్రయోగశాలలో నెగ్గిన మిశ్రమమే రోడ్డుపై పడినదా? దీనిని తేల్చుటకు వేసిన రోడ్డునుండి గుండ్రని ముక్కను కోసితీసి, దాని సాంద్రతను కొలుతురు. మిశ్రమమును ద్రావకముతో కడిగి, బిటుమెన్‌ను వేరుపఱచి తూతురు. నిర్ణయించిన పాలుకంటె 0.3 శాతమునకు మించి హెచ్చుతగ్గులు ఉండరాదు. పై నునుపు కన్నును మోసగింపవచ్చును గాని, తూనిక మోసగింపదు.

అయినను ఎంత మేలైన మిశ్రమమైనను నీటిలో నానుచున్నచో నిలువజాలదు. 2020 అక్టోబరు వానలకు హైదరాబాదున అనేక కాలనీలు మునిగినప్పుడు రోడ్లును పాడయ్యెను. ప్రక్కకాలువలు పూడిపోకుండ కాపాడుట పౌరులందఱి విధి.

రోడ్డు ప్రజల పన్నులతో వేయబడును. 2005నాటి సమాచారహక్కు చట్టము ప్రకారము పౌరుడు పనుల కాగితములనే గాక, పనులను సైతము పరిశీలింప కోరవచ్చును. వాడిన సామగ్రియొక్క ధ్రువీకృత నమూనాను పొందవచ్చును. ఆ నమూనాను చూచి మంచిచెడ్డలు తెలియవలెనన్న, ఈ పరీక్షల పరిజ్ఞానము మనకు ఉండవలెను.