కరవు కాలమున పసితనము

కరవనగానే బీటలువారిన చేను, ఎండిన చెరువు మన తలపునకు వచ్చును. ఇంటిలోపల కరవు చేయు పని అంతగా కంటబడదు. కడప జిల్లాలోని ప్రొద్దుటూరు, జమ్మలమడుగు, పులివెందుల ప్రాంతములను ఆధారముగా గొని, ఆ పని ఏ వరుసను జరుగునో, దాని భారము పసివారిపై నెట్లు పడునో ఈ ప్రసంగమున వివరింతుము.

ఈ మూడు ప్రాంతములును ఇరుగుపొరుగులే యైనను నీటి విషయమున వాని భాగ్య మొక్కటి కాదు. ప్రొద్దుటూరి ప్రక్కన పెన్న పారును. అచటి కొంత భూమికి కర్నూలు–కడప కాలువ నీరందును. జమ్మలమడుగు నల్లరేగడి వాననీటిని దాచుకొని జొన్నను, ప్రత్తిని పండించును. పులివెందుల మెట్ట మాత్రము చిరకాలము వానను, బావిని నమ్ముకొని బ్రదికినది.

వాన తప్పిన ఏడు మొదట గాదె ఖాళీయగును. పిదప ఇత్తడి బిందెయు, చెవికమ్మలును తాకట్టునకు పోవును. ఆపైన ఎద్దుల వంతు. గడ్డి లేనందున అందరు నొక్కమారే అమ్ముదురు గనుక వెల పడిపోవును. వాన కురిసిన పిదప అందరును కొనగోరుదురు గనుక వెల పెరుగును. ఎద్దులు లేని రైతు వాన వచ్చినను దున్నలేడు. అందుచేత ఒక్క యేటి కరవు ఆ యింట నాలుగేండ్లు నిలుచును.

అప్పుడు తండ్రి కూలికై వలసపోవును, లేదా ఇంటనే యుండి అప్పులవారికి మొగము చాటువేయును. పోషింపలేనను సిగ్గు కోపమై భార్యాబిడ్డలపై పడును. తల్లి అందరి తరువాత మిగిలిన సంగటి తినును. పెద్దపిల్ల చంటివానిని చూచుకొనుటకు బడి మానును. పిల్లవానిని గొడ్లు కాచుటకు పరుల యింట జీతమునకుంతురు. పెద్దల కలహమునకు తానే కారణమని ఆ పసివాడు తలచుట కద్దు. ఆకలికన్న ఆ తలపు ఎక్కువ కాలము వానిని బాధించును.

1876–78 నాటి ధాత కరవును రాయలసీమవారు తరతరములు చెప్పుకొనిరి. 1877లో సర్ రిచర్డ్ టెంపుల్ కరవు పనులలోని మగవానికి దినమునకు ఒక పౌను, అనగా సుమారు 450 గ్రాముల ధాన్యమును, కొద్ది పైకమును కూలిగా నిర్ణయించెను. ఆడువారికి, పిల్లలకు అంతకన్న తక్కువ. అది దేహమును నిలుపజాలదని మద్రాసు ఆరోగ్యాధికారి డాక్టరు కార్నిష్ వాదించెను. 1952 కరవున గంజి కేంద్రములు వెలసెను; సైనికులు వచ్చి బావులు లోతుచేసిరి. పెన్నేటి సీమ బాధను విద్వాన్ విశ్వంగారు ‘పెన్నేటి పాట’గా వ్రాసిరి. గంజి ప్రాణము నిలిపినది. అమ్ముడైన ఎద్దును, ఆగిన చదువును అది తిరిగి ఈయలేదు.

కావున సాయము ఎద్దులు అమ్ముడుపోకముందే అందవలెను. 2006 ఫిబ్రవరి 2న పొరుగు జిల్లాయగు అనంతపురమున, బండ్లపల్లిలో ఆరంభమైన ఉపాధి హామీ పథకపు ఆశయ మదియే: ఊరిలోనే కూలి దొరకినచో తండ్రి వలసపోనక్కరలేదు. 2003 నుండి రాష్ట్రమున బడిలో వండి పెట్టిన మధ్యాహ్న భోజనము పిల్లవానిని బడికి చేర్చినది. 1976 చట్టము వెట్టిచాకిరిని రద్దుచేసెను. 2016 సవరణ పదునాలుగేండ్లు నిండని వారిని కూలికి పెట్టుకొనుటను నిషేధించెను.

చట్టము పల్లెలోని ప్రతి గడపను చూడజాలదు, ఇరుగుపొరుగువారు చూడగలరు. నిన్నటివరకు పలకతో పోయిన బాలుడు నేడు పరుల గొడ్ల వెంట పోవుచున్నచో, వాని యింట నేమి జరిగినదో ఒకమారు విచారింపుడు, ఉపాధ్యాయునికి తెలుపుడు. ఆ గొడ్లు మన కొట్టములోనివే యైనచో, వానిని బడికి పంపుట మన చేతిలోనే యున్నది.