గుల్మార్గ్ మంచుకు జోస్యం చెప్పడం కష్టమే

శ్రీనగర్: ఒకే పర్వతంపై, ఒకే సమయాన, దిగువన వర్షం, మధ్యలో తడిమంచు, శిఖరం మీద పొడిమంచు కురిసే చోట రేపటి వాతావరణం గురించి చెప్పడం ఎంత కష్టమో గుల్మార్గ్ ఏటా చాటిచెబుతోంది. శ్రీనగర్‌కు సుమారు 50 కిలోమీటర్ల దూరంలో, పీర్ పంజాల్ పర్వతశ్రేణిలో, సముద్రమట్టానికి దాదాపు 2,650 మీటర్ల ఎత్తున ఉన్న ఈ పచ్చిక మైదానం దేశంలో స్కీయింగ్‌కు పెట్టింది పేరు. మంచు కురిస్తే గుర్రాలవారికి, స్లెడ్జీలు లాగేవారికి, గైడ్లకు, హోటళ్ల సిబ్బందికి చేతినిండా పని. కురవకుంటే వచ్చిన యాత్రికులు ఎండిన గడ్డిని చూసి వెనుదిరుగుతారు.

ఈ అనిశ్చితి 2025లో జాతీయ స్థాయి క్రీడలనే తారుమారు చేసింది. ఆ ఏడాది ఫిబ్రవరి 22 నుంచి 25 వరకు గుల్మార్గ్‌లో జరగవలసిన ఖేలో ఇండియా శీతాకాల క్రీడలను తగినంత మంచు లేదన్న కారణంతో వాయిదా వేశారు. ఆ తర్వాత కొద్ది రోజులకే భారీగా మంచు కురిసింది. చివరకు మార్చి 9 నుంచి 12 వరకు పోటీలు నిర్వహించారు. అంతకు ముందు సంవత్సరం పరిస్థితి మరీ విచిత్రం. 2024 జనవరి దాదాపు పూర్తిగా పొడిగా గడిచిపోయింది. ఢిల్లీని పొగమంచు కప్పివేసిన కొన్ని రోజులలో కాశ్మీర్ లోయలో పగటి ఉష్ణోగ్రత దేశ రాజధానిని మించిపోయింది. నెలాఖరున గాని మంచు ముఖం చూపలేదు.

కాశ్మీరీలు శీతాకాలాన్ని మూడు భాగాలుగా లెక్కిస్తారు. డిసెంబరు 21న మొదలయ్యే నలభై రోజుల తీవ్రమైన చలికాలం చిల్లై కలాన్. దాని వెనుక ఇరవై రోజుల చిల్లై ఖుర్ద్, ఆపై పది రోజుల చిల్లై బచ్చా వస్తాయి. మొదటి నలభై రోజులలో పడిన మంచు గట్టిపడి నిలుస్తుంది. ఫిబ్రవరి చివర, మార్చిలో పడిన మంచు ఎండ తీక్షణతకు త్వరగా కరిగిపోతుంది. స్కీయింగ్‌కే కాదు, వేసవిలో జీలం నదికి, తోటలకు, జలవిద్యుత్ కేంద్రాలకు అందే నీటికి కూడా ఈ తేడా కీలకం.

మంచును మోసుకువచ్చేవి పశ్చిమ అలజడులు. మధ్యధరా సముద్ర ప్రాంతంలో పుట్టి, పైవాతావరణంలోని జెట్ ప్రవాహాల వెంట ఇరాన్, ఆఫ్ఘనిస్థాన్, పాకిస్తాన్‌ల మీదుగా ఇవి హిమాలయాలను చేరుతాయి. దారిలో కాస్పియన్, అరేబియా సముద్రాల తేమ కూడా వీటికి తోడవుతుంది. బంగాళాఖాతంలో వాయుగుండం కదలికలను రోజుల తరబడి గమనించే కోస్తా ప్రజలకు ఈ తరహా నిరీక్షణ కొత్తది కాదు. అలజడి వస్తోందన్న సంగతిని శ్రీనగర్‌లోని వాతావరణ కేంద్రం కొన్ని రోజుల ముందే చెప్పగలదు. చిక్కంతా అది పర్వతాన్ని తాకిన తర్వాతే.

గుల్మార్గ్‌కు ఎదురుగా నిలిచిన అఫర్వత్ పర్వతం ఎత్తు 4,000 మీటర్లకు పైమాటే. రెండు దశల గొండోలా రోప్‌వే యాత్రికులను దాదాపు 3,950 మీటర్ల ఎత్తుకు చేరుస్తుంది. మొదటి దశ 1998లో, రెండవ దశ 2005లో ప్రారంభమయ్యాయి. కిలోమీటరు ఎత్తుకు సగటున ఆరున్నర డిగ్రీల చొప్పున ఉష్ణోగ్రత తగ్గుతుందనుకుంటే, కింది స్టేషనుకు, పై స్టేషనుకు మధ్య ఎనిమిది డిగ్రీలకు పైగా తేడా ఉంటుంది. కింద ఒకటి రెండు డిగ్రీలు పెరిగితే చాలు, మంచు కాస్తా వాన అవుతుంది. పైగా గుల్మార్గ్ గిన్నె ఆకారంలో ఉన్నందున, ఆకాశం నిర్మలంగా ఉన్న రాత్రులలో బరువైన చల్లగాలి అడుగున పేరుకుపోతుంది. అప్పుడు లెక్క తలకిందులై, వాలు మీదికన్నా మైదానంలోనే చలి ఎక్కువవుతుంది.

కంప్యూటర్లు ఇంతటి సూక్ష్మ భేదాలను పట్టుకోవడం సులభం కాదు. 2025 మే నెలలో ప్రారంభించిన భారత్ ఫోర్‌కాస్ట్ సిస్టమ్ భూమిని ఆరు కిలోమీటర్ల గడులుగా విభజించి లెక్కిస్తుంది. అంతకుముందు ఈ గడి పరిమాణం 12 కిలోమీటర్లు. ఇది నిస్సందేహంగా పెద్ద ముందడుగే. అయినా గుల్మార్గ్ మైదానం, అఫర్వత్ శిఖరం రెండూ ఒకే గడిలో ఇమిడిపోవచ్చు. పర్వత ప్రాంతాలలో రాడార్ కిరణాలకు శిఖరాలే అడ్డు తగులుతాయి. ఈ లోటు తీర్చేందుకు 2023 జనవరిలో బనిహాల్ టాప్‌లో డాప్లర్ రాడార్‌ను ప్రారంభించారు.

గాలి మరో సమస్య. గాలులు ఉధృతమైతే ఎత్తయిన రెండవ దశను ముందుగా నిలిపివేయవలసి వస్తుంది. గాలి ఎంత ప్రమాదకరమో 2017 జూన్ 25న తెలిసివచ్చింది. ఈదురుగాలికి కూలిన చెట్టు రోప్‌వే తీగపై పడడంతో క్యాబిన్ నేలకూలి ఏడుగురు మరణించారు. వారిలో నలుగురు ఢిల్లీకి చెందిన ఒకే కుటుంబం వారు.

మంచు లేకపోతే ఉపాధికి ముప్పు. ఒక్కసారిగా ఎక్కువ పడితే ప్రాణాలకే ముప్పు. 2010 ఫిబ్రవరి 8న ఖిలన్‌మార్గ్ వద్ద మంచు చరియలు విరుచుకుపడి, శిక్షణలో ఉన్న 17 మంది సైనికులు ప్రాణాలు కోల్పోయారు. 2023 ఫిబ్రవరి 1న హపత్‌ఖుడ్ వద్ద ఇద్దరు పోలండ్ స్కీయర్లు, 2024 ఫిబ్రవరి 22న ఖిలన్‌మార్గ్ వద్ద ఒక రష్యా స్కీయర్ ఇలాగే మరణించారు. చివరి దుర్ఘటన నాటికి గుల్మార్గ్‌లో ఖేలో ఇండియా పోటీలు జరుగుతూనే ఉన్నాయి.

సీజన్ ఆరంభంలో కొద్దిపాటి మంచు పడి, ఆపై దీర్ఘకాలం పొడి వాతావరణం కొనసాగితే, ఆ పలుచని పొర పంచదార పలుకుల వలె పొడిపొడిగా మారుతుంది. ఆ తర్వాత కురిసే భారీ మంచుకు అది సరైన ఆధారం కాలేదు. శిఖరం మీది గాలులు అవతలి వైపు మంచును ఎత్తి ఇవతలి వాలుపై కుమ్మరిస్తే బరువు మరింత పెరుగుతుంది. చరియలు ఎక్కువగా విరిగిపడేది 30 నుంచి 45 డిగ్రీల వాలులలోనే. స్కీయర్లు కోరుకునేవీ అవే వాలులు కావడం గమనార్హం.

ఈ ప్రమాదాన్ని అంచనా వేసే బాధ్యత రక్షణ పరిశోధన సంస్థకు చెందిన జియోఇన్ఫర్మాటిక్స్ విభాగానిది. 1969లో మనాలీలో నెలకొల్పిన మంచు అధ్యయన సంస్థను 2020లో ఇందులో విలీనం చేశారు. ఈ విభాగం హెచ్చరికలను జిల్లాలవారీగా, ఎత్తును బట్టి ప్రకటిస్తారు. ఫలానా జిల్లాలో ఇన్ని మీటర్లకు పైన రాగల 24 గంటలలో ప్రమాదం ఉందన్నది వీటి సారాంశం. జిల్లాకంతటికీ చెప్పిన ఈ మాట ఏ లోయకు వర్తిస్తుంది, ఏ వాలుకు వర్తించదన్నది తేల్చుకోవలసింది అక్కడున్నవారే. గొండోలా పరిసరాలలో గస్తీ సిబ్బంది మంచును పరిశీలించి దారులు తెరుస్తారు, మూస్తారు. ఆ హద్దు దాటి వెళ్లే స్కీయర్లకు స్థానిక గైడు అనుభవమే దిక్కు.